అడంగల్‌లో వరి, పొలంలో తుమ్మ: మా రోడ్డు ఇంటర్నెట్ డైరీ

జనవరి 11, 2025, శనివారం

ఇల్లు కొనేముందు అన్నీ చూశాను. బావి నీళ్లు పరీక్ష చేయించాను, సెప్టిక్ ట్యాంకు మూత తీయించాను, పైకప్పు మీదికి మనిషిని ఎక్కించాను. ఇంటర్నెట్ విషయం మాత్రం ఎఫ్‌సీసీ మ్యాపు చూసి సరిపెట్టుకున్నాను. ఎఫ్‌సీసీ అంటే మన ట్రాయ్ లాంటి సంస్థ, అమెరికాది. వాళ్ల నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాపులో అడ్రస్ కొడితే ఇంటి మీద చుక్క కనిపించింది. పక్కన జాబితా: కేబుల్, 1,000 ఎంబీపీఎస్. టవర్ నుంచి వచ్చే ఫిక్స్‌డ్ వైర్‌లెస్, డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20. వాటి కింద శాటిలైట్లు. ఇంకేం కావాలి అనుకుని సంతకాలు పెట్టేశాం.

మా ఇల్లు టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరంగా గంటన్నర దూరంలో ఉంది. ఆరెకరాలు, చుట్టూ ఓక్ చెట్లు, పెకాన్ చెట్లు. హైవే నుంచి లోపలికి మూడు మైళ్ల కౌంటీ రోడ్డు.

సామాను దింపిన మర్నాడే కేబుల్ కంపెనీకి ఫోన్ చేశాను. వారం తర్వాత జవాబొచ్చింది. లైను మా ఇంటి దాకా లేదట, తవ్వి లాగాలంటే 18,400 డాలర్లు కట్టాలట. "మ్యాపులో ఉందిగా" అన్నాను. ఆ అమ్మాయి పాపం మర్యాదగానే "ఆ మ్యాపు మాది కాదండీ" అంది.

మా ఆవిడ ఉద్యోగమంతా వీడియో కాల్స్ మీదే. ప్రస్తుతానికి ఉత్తరం వైపు కిటికీ దగ్గర ఇస్త్రీ బల్ల వేసి, దాని మీద లాప్‌టాప్, గాజుకి ఆనించి ఫోన్ హాట్‌స్పాట్. ఆ కిటికీ వదిలితే సిగ్నల్ ఉండదు.

రాత్రి నాన్న వీడియో కాల్ చేశాడు. తెనాలి దగ్గర మా ఊళ్లో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలు. నాన్న మొహం అద్దంలా కనిపిస్తోంది, నాది గళ్లు గళ్లుగా విరిగిపోతోంది. "అమెరికాలో ఉన్నది నువ్వా, నేనా?" అన్నాడు. సంగతి చెప్తే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అడంగల్‌లో వరి ఉంటుందిరా. పొలంలో కూడా వరే ఉండాలని ఎక్కడుంది?" అడంగల్ అంటే ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే ఊరి రెవెన్యూ రికార్డు.

నేను పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. డాక్యుమెంట్‌లో ఒకటి, స్క్రీన్ మీద ఒకటి ఉంటే నిద్రపట్టదు. అందుకే ఈ డైరీ.

జనవరి 19, ఆదివారం

ఈ వారమంతా మ్యాపు ఎలా తయారవుతుందో చదివాను.

పాత పద్ధతిలో కంపెనీలు ఫారం 477 అనే పత్రం నింపేవి. జనాభా లెక్కల కోసం గీసిన బ్లాకులో ఒక్క ఇంటికి ఇవ్వగలిగినా బ్లాకు మొత్తానికి ఇచ్చినట్టే లెక్క. ఊళ్లో బ్లాకు అంటే ఒక వీధి చుట్టూ ఉన్న ఇళ్లు. పల్లెల్లో ఒక్క బ్లాకు మైళ్ల కొద్దీ ఉంటుంది. హైవే పక్క పెట్రోల్ బంకులో కేబుల్ ఉంటే, లోపలి పశువుల కాపరికీ ఉన్నట్టే రాసేవాళ్లు.

దీనికి తోడు, నింపేవాళ్లు ఏం నింపినా అడిగే దిక్కు ఉండేది కాదు. 2017 చివరి నాటి లెక్కల్లో ఒక బుల్లి కంపెనీ ఏకంగా 6.2 కోట్ల మందికి ఇంటర్నెట్ ఇవ్వగలనని ఫైల్ చేసింది. కనిపెట్టింది ప్రభుత్వం కాదు, ఫ్రీ ప్రెస్ అనే బయటి సంస్థ. అది సరిచేశాక, దేశంలో బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్ల సంఖ్య 1.94 కోట్ల నుంచి 2.13 కోట్లకు పెరిగింది. ఎవరి కనెక్షనూ పోలేదు, కాగితం మీదున్నది కాగితం మీదే పోయింది.

2020 మార్చిలో బ్రాడ్‌బ్యాండ్ డేటా చట్టం వచ్చింది. బ్లాకుల లెక్క పోయి ఇంటి లెక్క వచ్చింది. దేశంలో ఇంటర్నెట్ ఇవ్వదగిన ప్రతి కట్టడానికీ ఒక చుక్క, ఒక నంబరు. ఆ చుక్కల జాబితాను ఫాబ్రిక్ అంటారు. కంపెనీలు ఏడాదికి రెండుసార్లు, జూన్ 30 నాటికి, డిసెంబర్ 31 నాటికి, ఏ చుక్కకి ఏం ఇవ్వగలరో చెప్పాలి. కొత్త మ్యాపు 2022 నవంబర్ 18న జనం ముందుకొచ్చింది. పాతదానికంటే ఎన్నో రెట్లు మేలు, అందులో అనుమానం లేదు. కానీ చుక్క ఎంత చిన్నదైనా, దాని పక్కన రాసేది కంపెనీయే. రాసేది కూడా "ప్రకటించిన గరిష్ఠ వేగం", ఇంట్లోకి వచ్చే వేగం కాదు.

ఇంకో రూలు కూడా దొరికింది, నాకు పనికొచ్చేది. "ఇవ్వగలను" అని రాయాలంటే, అడిగిన పది పనిదినాల్లో, మామూలు ఇన్‌స్టలేషన్ చార్జీకే ఇవ్వగలగాలి. 18,400 డాలర్లు ఏ లెక్కన చూసినా మామూలు చార్జీ కాదు.

జనవరి 26, ఆదివారం

మా రాష్ట్రం డేటా దించుకున్నాను. ఎవరైనా దించుకోవచ్చు, డబ్బులేం అడగరు. ఎక్సెల్‌లో తెరిస్తే ఎక్సెల్ చేతులెత్తేసింది. పైథాన్‌తో మా కౌంటీ వరసలు మాత్రం విడదీశాను.

ఒక తిరకాసు ఉంది. ఈ ఫైల్‌లో అడ్రస్ ఉండదు, అక్షాంశ రేఖాంశాలుండవు. చుక్కల జాబితా ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసింది, దానికి లైసెన్సు వేరు. మనకిచ్చేది లొకేషన్ నంబరు, కంపెనీ పేరు, టెక్నాలజీ కోడు, వేగాలు, బ్లాకు నంబరు, మ్యాపు మీద పరిచిన ఆరు మూలల గళ్లలో ఆ ఇల్లు పడే షడ్భుజి నంబరు. ఒక్కో షడ్భుజి ముప్పావు చదరపు కిలోమీటరు ఉంటుంది. మా షడ్భుజిలో ఏయే ఇళ్లున్నాయో ఫైల్ చెప్పదు. కాబట్టి మ్యాపులో మా రోడ్డు మీది చుక్కల్ని ఒక్కొక్కటే నొక్కి, లొకేషన్ నంబరు నోట్ బుక్కులో రాసుకుని, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో చేత్తో పెట్టుకున్నాను. 20 చుక్కలు. రెండు గంటలు, మూడు టీలు.

టెక్నాలజీ కోడ్‌లు ఇప్పుడు నోటికొచ్చేశాయి: 10 రాగి తీగ, 40 కేబుల్, 50 ఫైబర్, 61 తక్కువ ఎత్తులో తిరిగే శాటిలైట్లు, 71 లైసెన్సున్న ఫిక్స్‌డ్ వైర్‌లెస్. మా రోడ్డు మీద 50 ఒక్కటి కూడా లేదు, కనీసం ఆ అబద్ధం ఆడలేదు. 40 ఎనిమిది చుక్కలకుంది. 71 మొత్తం ఇరవైకీ ఉంది. అన్నింటికీ ఒకటే అంకె, 100, 20. చెట్ల మధ్య గుంటలో ఉన్న ఇంటికీ, దిబ్బ మీదున్న ఇంటికీ తేడా లేకుండా 100, 20. టెస్టింగ్‌లో ఇలా అన్ని వరసల్లో ఒకే అంకె కనిపిస్తే, ఎవరో కొలవకుండా కాపీ కొట్టారని మేం అనుకుంటాం.

ఆ అంకె ఊరికే ఎంచుకున్నది కాదేమో అని కూడా అనిపించింది. 2024 మార్చిలో ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని 25, 3 నుంచి 100, 20కి పెంచింది. సరైన ఇంటర్నెట్ లేని ఇళ్లకు దాన్ని చేర్చడానికి ప్రభుత్వం పెట్టిన 42.45 బిలియన్ డాలర్ల బీడ్ పథకం కూడా అదే గీత గీసింది. 25, 3 లోపు ఉంటే "సేవ లేని" ఇల్లు, 100, 20 లోపు ఉంటే "సేవ చాలని" ఇల్లు. గీత ముట్టుకున్నావంటే నీకు అన్నీ ఉన్నట్టే, గ్రాంటు జాబితాలోంచి తీసేస్తారు. టెక్సాస్ వాటా 330 కోట్ల డాలర్లు. మా రోడ్డుకి అందులో పైసా రాకుండా ఆపడానికి ఆ ఒక్క వరస చాలు.

ఫిబ్రవరి 2, ఆదివారం

రోడ్డు మీదికి దిగాను. మ్యాపు ప్రింటు, పెన్ను, జేబులో కుక్కల కోసం బిస్కెట్లు. ఈ దేశంలో తెలియని మనిషి వాకిట్లోకి నడిచి రావడం అంత మంచి ఆలోచన కాదని మా ఆవిడ టెన్షన్ పడి తనూ వచ్చింది, చేతిలో అరిసెల డబ్బాతో. అరిసెలే ఎక్కువ తలుపులు తెరిపించాయి.

లెక్క తేలింది ఇది. 20 చుక్కల్లో 19 ఇళ్లు. ఇరవయ్యోది ఎండుగడ్డి దాచుకునే కొట్టం. ప్రభుత్వ రికార్డు ప్రకారం ఆ గడ్డికి గిగాబిట్ కేబుల్ ఉంది. మరోవైపు రోడ్డు చివర చెట్ల వెనక రెండు మొబైల్ హోములున్నాయి, మనుషులున్నారు, చుక్కల్లేవు. అందులో ఒకదాంట్లో స్కూల్ బస్సు నడిపే ఆవిడ, ఇద్దరు పిల్లలు. సాయంత్రం పూట పిల్లల్ని కార్లో లైబ్రరీకి తీసుకెళ్లి, లైబ్రరీ మూసేసినా బయట పార్కింగ్‌లో కూర్చుని వైఫై వాడుకుంటారట. "ఎండాకాలం కారు ఏసీకి పెట్రోలు, అదే నా ఇంటర్నెట్ బిల్లు" అందావిడ. చుక్కే లేకపోతే ఏ కంపెనీ మీదా చాలెంజ్, అంటే మ్యాపులో రాసింది తప్పని ఎఫ్‌సీసీకి పెట్టే అభ్యంతరం, వేయడానికి కూడా వీల్లేదు. లెక్కలో ఉన్నవాడికే లెక్క తప్పని అనే హక్కుంటుంది.

కేబుల్ నిజంగా ఉన్నది హైవే దగ్గరి మూడిళ్లకే. మిగతా ఐదు చుక్కల్లో ఒకటి గడ్డి, ఒకటి మాది.

పక్కింటి పెద్దాయన డెబ్బై దాటినవాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. "ఈ రోడ్డు మీద ఇంటర్నెట్ ఉందని పదేళ్లుగా చెప్తున్నారు, నేను మాత్రం ఇంకా దాన్ని కలవలేదు" అన్నాడు. ఆయన దగ్గర కంపెనీల జవాబులన్నీ ఒక షూ డబ్బాలో తేదీల వారీగా ఉన్నాయి. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. చాలెంజ్‌లో అడిగేది అదే: ఏ తేదీన అడిగారు, ఎలా అడిగారు, వాళ్లేమన్నారు.

ఫిబ్రవరి 15, శనివారం

టవర్ కంపెనీ వంతు. మాతో కలిపి ఆరిళ్ల వాళ్లం కనెక్షన్ అడిగాం. ఐదిళ్లకు టెక్నీషియన్ వచ్చాడు. ఆరో ఇంటికి పది పనిదినాలు దాటినా తేదీ కూడా ఇవ్వలేదు.

మా ఇంటి దగ్గర అతనితో పాటు నేనూ నిచ్చెన ఎక్కాను. కుర్రాడు మంచివాడు, పని తెలిసినవాడు. ఫోన్‌లో దిక్సూచి చూసి చెయ్యి చాచి "టవరు అటు, ఏడు మైళ్లు" అన్నాడు. అటు చూస్తే కనిపించేది ఓక్ చెట్ల గోడ. డిష్ పట్టుకుని పైకప్పు మీద నాలుగు మూలలా తిరిగాడు. చిమ్నీ పక్కన ఒక్క చోట అంకె కదిలింది, గాలికి కొమ్మ ఊగగానే పడిపోయింది. కింద దిగి ఫారం మీద "లైన్ ఆఫ్ సైట్ లేదు, ఇన్‌స్టలేషన్ కుదరదు" అని రాసిచ్చాడు. మీ కంపెనీ మ్యాపులో మా ఇంటికి ఉందని ఎలా రాసింది అని అడిగితే నవ్వాడు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టవర్ చుట్టూ గీత గీస్తుందట, ఇతను నిచ్చెన మీద చూస్తాడట.

ఐదిళ్లలో మూడింటికి కుదరదన్నాడు, రెండింటికి పెట్టాడు. అందులో ఒకటి దిబ్బ మీది ఇల్లు, రెండోది పెకాన్ తోట పక్కన. మోడుల్లా ఉన్న కొమ్మల మధ్యలోంచి సిగ్నల్ బాగానే వచ్చింది, 90 దాకా. వాళ్లు సంబరపడ్డారు.

మార్చి 1, శనివారం

ఫైలింగ్ రోజు. మా వంటింటి బల్ల మీసేవా కేంద్రంలా తయారైంది.

మొత్తం ఎనిమిది అవైలబిలిటీ చాలెంజ్‌లు, అంటే ఇస్తామని రాసినది ఇవ్వట్లేదని చెప్పేవి, కేబుల్ మీద నాలుగు, టవర్ మీద నాలుగు. ఎవరి ఇంటికి వాళ్లే వేయాలి కాబట్టి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చేశాం. చుక్క నొక్కి, కంపెనీ ఎంచుకుని, కారణం ఎంచుకోవాలి. పది పనిదినాల్లో తేదీ ఇవ్వలేదు, మామూలు చార్జీకంటే ఎక్కువ అడిగారు, ఇవ్వలేం అన్నారు, చెప్పిన టెక్నాలజీ లేదు, వైర్‌లెస్ సిగ్నల్ అందదు... ఇలా ఉంటుంది జాబితా. "స్లోగా వస్తోంది" అనేది అందులో లేదు. ఇంట్లో చేసిన స్పీడ్ టెస్టుకి ఇక్కడ విలువ లేదు. ఈ మ్యాపు అడిగేది అమ్ముతున్నారా లేదా అన్నదే, అమ్మినది పనిచేస్తోందా అన్నది కాదు. దీని మీద పెద్దాయన అరగంట కోప్పడ్డాడు. నేను కాదనలేదు.

ఇవి కాక మూడు లొకేషన్ చాలెంజ్‌లు: లేని చుక్కలు రెండు, గడ్డి కొట్టం ఒకటి.

చాలెంజ్ కంపెనీకి చేరాక జవాబివ్వడానికి 60 రోజులు. ఒప్పుకోకపోతే ఇద్దరూ తేల్చుకోవడానికి మరో 60 రోజులు. ఆ తర్వాతే ఎఫ్‌సీసీ చూస్తుంది. అమెరికాలో మన ఫైలు కదలదనుకునేవాళ్లు తప్పనుకుంటారు, తేదీలు రాసిపెట్టి మరీ మెల్లగా కదులుతుంది.

మార్చి 22, శనివారం

ఖాళీగా కూర్చోలేక మొబైల్ మ్యాపు మీద పడ్డాను. మా రోడ్డంతా 4జీ ఉన్నట్టు రంగు పూసి ఉంది. 4జీకి వాళ్ల గీత 5 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 1 అప్‌లోడ్. అదీ ఆరుబయటో, కదిలే కారులోనో. ఇంట్లో అని ఎక్కడా అనలేదు. మాది రేకు కప్పు. గేటు దగ్గర 11 వచ్చింది, వరండాలో 4, సోఫాలో 0.6. మ్యాపు గేటు దగ్గర నిజం, సోఫాలో అబద్ధం.

ఎఫ్‌సీసీ వాళ్లదే స్పీడ్ టెస్ట్ యాప్ ఉంది, మొబైల్ మీద చాలెంజ్‌కి దాని కొలతలు చెల్లుతాయి, పొద్దున ఆరు నుంచి రాత్రి పది మధ్య చేస్తే. రోడ్డు పొడవునా నడుస్తూ 31 టెస్టులు చేశాను. తొమ్మిదిచోట్ల 5 రాలేదు. ఒక్కడి ఫోన్‌తో చాలదు, రకరకాల చోట్ల, రకరకాల వేళల్లో చాలినన్ని టెస్టులు పోగైతేనే అది చాలెంజ్ అవుతుంది. బస్సు నడిపే ఆవిడకి యాప్ వేసిచ్చాను, ఆవిడ రోజూ రెండుసార్లు ఆ రోడ్డు మీద తిరుగుతుంది కదా.

ఈ పని ప్రభుత్వమూ ఒకసారి చేసింది. పల్లెల్లో 4జీకి సబ్సిడీ ఇవ్వడానికి ముందు ఎఫ్‌సీసీ సిబ్బంది 12 రాష్ట్రాల్లో కార్లేసుకుని తిరిగారు. పెద్ద కంపెనీలు కవరేజీ ఉందన్న చోట చేసిన టెస్టుల్లో కనీస వేగం అందినవి 62.3 శాతం. 2019 డిసెంబర్‌లో ఆ రిపోర్టు వచ్చాక ఆ పథకాన్నే పక్కన పెట్టారు. మిగిలిన 38 శాతంలో మా సోఫా లాంటివి ఎన్నో.

ఏప్రిల్ 20, ఆదివారం

పెకాన్ చెట్లు ఆలస్యంగా చిగురిస్తాయి. రెండు వారాల క్రితం వరకూ మోడుల్లా ఉన్నవి ఇప్పుడు నిండా ఆకులేశాయి. తోట పక్కింటాయన ఫోన్ చేశాడు. ఫిబ్రవరిలో 90 వచ్చినది ఇప్పుడు 7 వస్తోందట, వాన పడితే అదీ లేదట. ఆకులో నీళ్లుంటాయి, ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి. వెళ్లి చూశాను. డిష్‌కి ఎదురుగా ఆకుపచ్చ గోడ.

"చెట్టు కొట్టేస్తే పోదా?" అని నోరు జారాను. ఆయన నా వైపు చూసిన చూపు మా తాతయ్య చూపులాగే ఉంది. ఆ చెట్టు ఆయన తండ్రి నాటింది. మారు మాట్లాడకుండా ఫారం తెరిచాం: "వైర్‌లెస్ సిగ్నల్ అందదు". టవర్ మీద ఐదో చాలెంజ్. శీతాకాలం మ్యాపు, వేసవి మ్యాపు అని రెండుండాలని నాకో సరదా ఆలోచన.

మే 18, ఆదివారం

జవాబులు రావడం మొదలైంది.

కేబుల్: నాలుగింట్లో మూడు ఒప్పేసుకున్నారు. నాలుగోదాన్ని, హైవేకి దగ్గరగా ఉన్నదాన్ని, ఒప్పుకోలేదు. మామూలు చార్జీకే ఇస్తామని రాశారు, తర్వాతి మంగళవారం నిజంగానే వచ్చి లైను వేసేశారు! ఆ ఇంటావిడ మూడేళ్లుగా అడుగుతోంది. లైను వేయడం కష్టమని కాదు, అడిగింది కస్టమర్ కాబట్టి ఆగింది. చాలెంజ్ వేస్తే ఆ ఫైలు కంపెనీలో వేరే బల్ల మీదికి వెళ్తుందనుకుంటాను.

టవర్: మొదటి నాలుగింట్లో రెండు ఒప్పుకున్నారు, అందులో మాది ఒకటి. నిచ్చెన కుర్రాడి ఫారం పని చేసింది. మిగతా రెండింటికి వాళ్ల సాఫ్ట్‌వేర్ గీసిన రంగుల బొమ్మ జత చేసి "సిగ్నల్ ఉంది" అన్నారు. ఆ రెంటిలో ఒకదానికి కూడా వాళ్ల టెక్నీషియనే కుదరదని రాసిచ్చాడు. వాళ్ల కాగితాన్ని వాళ్లకే పంపించాం.

మొత్తానికి మా ఇంటికి కేబుల్ లేదు, టవరూ లేదు, మిగిలింది శాటిలైట్. మా ఇంట్లో ఇంటర్నెట్ లేదని ప్రభుత్వం ఒప్పుకున్నందుకు మా ఆవిడ పాయసం చేసింది. నాన్నకి చెబితే "అడంగల్‌లో బీడు అని రాయించుకోడానికి నాలుగు నెలలు తిరిగావా" అని నవ్వాడు. అవును, బీడు అని రాస్తేనే కదా నీళ్లు ఇవ్వాలా వద్దా అన్న మాట వచ్చేది.

జూన్ 8, ఆదివారం

ఎల్లుండి పరీక్ష అనగా సిలబస్ మార్చినట్టు, జూన్ 6న బీడ్ రూల్స్ మార్చేశారు. ఇన్నాళ్లూ ఫైబర్‌కి పెద్దపీట, ఇప్పుడు ఏ టెక్నాలజీ అయినా ఒకటేనట, తక్కువకి ఎవరిస్తే వాళ్లదే. రాష్ట్రాలు మళ్లీ బిడ్లు పిలవాలి. అంటే మా రోడ్డు జాబితాలోకి వచ్చినా, చివరికి వచ్చేది ఫైబరే అని లేదు, శాటిలైట్ డిష్ కూడా కావచ్చు. మేం మార్చిలోనే సొంత డబ్బుతో ఒక డిష్ పెట్టుకున్నాం. కాల్స్ నడుస్తున్నాయి, ఇస్త్రీ బల్ల మళ్లీ ఇస్త్రీకే. అయినా నెలనెలా ఆ బిల్లు కట్టలేని ఇళ్లు ఈ రోడ్డు మీద సగానికి పైగా ఉన్నాయి. మ్యాపులో ధర అనే గడి లేదు.

జూన్ 29, ఆదివారం

లొకేషన్ చాలెంజ్‌ల ఫలితం. గడ్డి కొట్టం చుక్క తీయడం కుదరదన్నారు. మేం పంపిన ఫొటోలో గడ్డి మోపులు స్పష్టంగా కనిపిస్తున్నాయి మరి. సరే, గడ్డికి గిగాబిట్ అలాగే ఉండనీ.

మొబైల్ హోములు రెండూ ఒప్పుకున్నారు, తర్వాతి వెర్షన్‌లో చుక్కలొస్తాయట. సాయంత్రం బస్సావిడ ఇంటికి వెళ్లి చెప్పాను. ఆవిడ ఫోన్‌లో మ్యాపు తెరిచి, చెట్ల మధ్య ఖాళీగా ఉన్న చోటుని వేళ్లతో పెద్దది చేసి చూసింది. "ఇక్కడా?" అంది. ఇక్కడే అన్నాను. చిన్న కూతురు వచ్చి తొంగిచూసి, ఇంకా ఏం లేదుగా అంది.

మిగిలిన పనులు: టవర్ మీద రెండు వివాదాలు, పెకాన్ తోట చాలెంజ్‌కి ఇంకా జవాబు లేదు. బస్సావిడ యాప్‌లో టెస్టులు 140 దాటాయి, వచ్చే ఆదివారం వాటిని రోడ్డు మీద పరిచి చూడాలి.